తొమ్మిదో కాలమ్

ఆదోని కోర్టు వరండాలో నా మేజాకు మూడే కాళ్లు.
నాలుగో కాలి చోట పాత సివిల్ ప్రొసీజర్ పుస్తకం.
దాని మీద పరిచినాను ఆ పిల్ల దరఖాస్తు.
పేరు: బోయ ఉరుకుందమ్మ.
తండ్రి, ఊరు, లా కాలేజీ, పాసైన సంవత్సరం,
చీమలు బారు కట్టినట్టు గుండ్రటి అక్షరాలు.
తొమ్మిదో కాలమ్ దగ్గర
చీమలు ఆగిపోయినాయి.

"మీపై ఎప్పుడైనా క్రిమినల్ కేసు నమోదైనదా?"

"అవునని రాస్తే ఏమైతాది సార్,
లేదని రాస్తే ఏమైతాది?"
రెండూ ఒకే ఊపిరిలో అడిగింది.

జరిగింది చెప్పమంటే సెక్షను చెప్పింది:
నాలుగొందల పంతొమ్మిది.
వేరొకరినని నమ్మించి మోసం.
"ఎవరివని నమ్మించినావు?"
"మా యమ్మనని."

ఆ ఎండాకాలం తల్లికి పచ్చకామెర్లు.
కౌతాళం దిక్కు కుంట పూడిక పని.
జాబుకార్డు తల్లిది, గడ్డపార కూతురిది.
పదిహేడు దినాలు తట్ట మోసింది,
పదిహేడు సార్లు మస్టర్లో వేలు అద్దింది.
ఇంటర్ పాసైన పిల్ల, సంతకం వచ్చిన పిల్ల,
తల్లిలాగా నిశానీ వేసేదానికి
బొటనవేలికి సిరా పూసుకుంది.
తనిఖీ వాళ్లు వచ్చి గుంత కొలిచినారు,
లోతు సరిపోయింది.
వేలు కొలిచినారు,
సరిపోలేదు.

మూడేండ్లు వాయిదాలు. కడాకు కేసు కొట్టేసినారు.
ఆ వాయిదాలకు తిరిగి తిరిగే
నల్లకోటు మీద మనసు పడిందంట.
చెప్పి, తానే నవ్వింది.

"కొట్టేసిన కేసే కదా సార్," టైపిస్టు నరసోజి గొణిగినాడు,
"లేదు అని కొడితే రెండక్షరాలు.
అవును అంటే మూడు,
మళ్లీ దాని వెనకాల ముప్పై పేజీలు."

నిజం చెప్తాను, నాకూ ఒక గడియ మనసు ఊగింది.
మా నాయన దూది ఏకేవాడు.
గింజ వదిలేసి కుట్టిన పరుపు మీద
పండుకున్నోనికీ నిద్ర పట్టదు,
కుట్టినోనికీ పట్టదు అనేవాడు.

"అవును అని రాయి" అన్నాను.
ఎఫ్ఐఆర్ నకలు, తీర్పు నకలు, ఒక అఫిడవిట్.
అలవాటు కొద్దీ నేనే అందుకున్నాను:
"తెలిసీ తెలియని వయసులో..."
"తెలిసే చేసినా సార్."
మిషన్ ఆగింది.
"తెలిసే చేసినా. పని గూడా చేసినా.
రెండూ రాయండి."
రెండూ రాసినాము.

ఇంక మిగిలింది ఒక్క కాగితం,
ముప్పయ్యేండ్లుగా నేను చదవకుండా సంతకం చేసేది:
"ఈమెను గత ఐదు సంవత్సరములుగా ఎరుగుదును.
నాకు తెలిసినంతవరకు సత్ప్రవర్తన కలది."
పెన్ను మూత తీసినాను.

"సార్, మీరు నన్ను చూసి పదకొండు దినాలే కదా."

లోపల బంట్రోతు ఎవరినో మూడుసార్లు పిలిచినాడు.
ఎవరూ పలకలేదు.
ఎంతమంది పిల్లల్ని ఐదేసి ఏండ్లు ఎరిగినానో నేను,
ఒక్కరి మొహమూ గుర్తు లేదు.
నా బొటనవేలు చూసుకున్నాను. సిరా లేదు.
ఏ కాలమూ నన్ను అడగలేదు.

ఐదు సంవత్సరములు కొట్టేసి
పైన పదకొండు దినములు అని రాసి
పక్కన పొట్టి సంతకం పెట్టినాను.
"ఇట్లుంటే తీసుకుంటారా సార్?"
"తెల్దమ్మా."

కవరు అంచు తడిపి
బొటనవేలితో గట్టిగా అదిమింది.

నాలుగు నెల్లయింది. జవాబు రాలేదు.
పొద్దున్నే వస్తాది,
మేజా కింద పుస్తకం లాగి చదువుకుంటాది,
పోయేటప్పుడు మళ్లీ దాని చోట దాన్ని పెడుతుంది.
ఆమె చదివినంతసేపు
మేజా ఒరగకుండా
నేను మోకాలు ఆనించి కూర్చుంటాను.