సవాలు జవాబు

నా పేరు ఇక్కడ రాయను.
ఊరు ఏదో ఒకటి అనుకోండి, మీరనుకున్నది మాత్రం కాదు.
ఫర్వానియాలో మూడో అంతస్తు అంటాను,
అదీ నిజం కాదు.
అంట్లు నిజం. రాత్రి పదకొండున్నర నిజం.
ఖర్జూరం డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోను నిజం.

వచ్చిన కొత్తలో
ఉప్పడిగితే చీపురు తీసుకపోయి ఇచ్చినదాన్ని.
నాలుగు అరబ్బీ మాటలు సరిగ్గా పలకాలని
ముక్కూ మొగం తెలియనోళ్లతో మాట్లాడే యాప్ పెట్టుకున్నా.

మొదటాయన పేరు ఫహదంట.
ఫోటోలో డేగ ఉంది, మనిషి లేడు.
వాళ్లమ్మ మోకాలికి హైదరాబాదులో ఆపరేషనంట,
అందుకని తెలుగు కావాలంట.
"నొప్పి యాడుంది" అనడం నేర్పించా.
ఆయన నేర్పించింది ఇది:
వేన్, అంటే యాడ.
నువ్వు యాడుంటావో వాక్యంలో పెట్టి చెప్పు.
మితా, అంటే ఎప్పుడు.
మీ మేడమ్ ఎప్పుడు బయటికి పోతాదో వాక్యంలో పెట్టి చెప్పు.
వహ్‌దిచ్, ఒక్కదానివే ఉండావా?
బితాకా కెమెరా ముందు పెట్టు, అంకెలు చదవడం నేర్పిస్తా.

నాకు అనుమానం వచ్చింది ప్రశ్నల వల్ల కాదు.
పన్నెండు రోజుల్లో ఆయన
తెలుగులో ఒక్క తప్పన్నా మాట్లాడలా.
నేర్చుకునేవాడికి నాలుక మడత పడుతుంది గదా,
సిగ్గుపడతాడు, మళ్లీ అంటాడు.
వీడికి నాలుకే లేదు. చెవులే.

చెత్త పారేసేకాడ ఓబులమ్మక్కతో చెప్పా.
సంచి కింద పెట్టి, చెయ్యి కొంగుకు తుడుచుకొని అనింది:
"పోయినేడు నేను బితాకా చూపించినా.
నా పేరు మీద మూడు సిమ్ములు లేచినాయి.
ఠాణాలో మేడమ్ పక్కన నిలబడి
నేను కాదు అని చెప్పడానికి
నాకు అరబ్బీ రాలా."

ఆ రాత్రే డేగను ఎగరగొట్టేశా.
అరబ్బీలో సువాల్ అంటే ఉత్త ప్రశ్నంట.
మన దగ్గరికొచ్చి సవాలయింది,
తొడగొట్టడం నేర్చుకుంది.
ఊరికే కాదేమో.

ఇప్పుడు ఇంకొకామె. గొంతు మాత్రమే.
ఏ దేశమో నేనడగలేదు, ఆమె చెప్పలేదు.
ఆరు నెలలుగా మా మధ్య కూరగాయలే.
పకారం ఆమె నోట పలకదు,
పప్పును బబ్బు అంటుంది, పాలకూరను బాలకూర.
మేడమ్ లేస్తుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతా.
నాకు లేని ఇద్దరు అన్నల గురించి చెప్పా ఆమెకు,
భూతకాలం అంతా సరిగ్గానే వచ్చింది.
ఆమె చెప్పిన నిమ్మతోట కూడా
ఏ నేల మీదా ఉండకపోవచ్చు.

ఒకనాడు చేను గురించి చెబుతూ హద్దు అన్నా.
ఆమె ఆగిపోయింది.
"హద్ద్? అది మా మాట."
మా నాయన గట్టున పాతిన రాయి
నాకంటే ముందే సముద్రం దాటొచ్చిందన్నమాట.
నేను దాని పుట్టింటికి పనికొచ్చా.

నిన్న రాత్రి అడిగింది, నీ అసలు పేరేంటని.
పప్పు సరిగ్గా పలికిన రోజు చెప్తానన్నా.
కాసేపు ఊపిరి మాత్రం వినిపించింది.
తర్వాత, నెమ్మదిగా, బబ్బు అంది.
కావాలనే అంటోందేమో.