తాళం లేని నలభై నిమిషాలు

బెల్టు కిందకి దూరే ముందు
ఎవడి తాళం వాడు స్విచ్చికి వేసుకోవాలి,
తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి.
రూలు అది. గోడ మీద
ఎర్ర రంగుతో రాసి ఉంటుంది.
పోర్టులో ఖనిజం దుమ్ము కూడా ఎరుపే కాబట్టి
ఇప్పుడు సగం అక్షరాలే కనిపిస్తాయి.

ఆ రాత్రి నా తాళం దొరకలేదు.
బెర్తులో ఓడ. గంటకింత డెమరేజి అని
ఫోన్లో ఇంజినీరు గొంతు.
యారాడ కొండ మీది లైట్‌హౌస్ వెలుగు
మా దాకా రాకముందే తడిసి ఆరిపోయేంత వాన.
అసిరయ్య స్విచ్చికి వీపు ఆనించి నిలబడ్డాడు.
"నానున్నాను గదా, నువ్వెల్లు" అన్నాడు.

వెళ్లాను.

రోలరుకీ ఫ్రేముకీ మధ్య
నా మెడ పట్టేంత జాగా.
పైన బెల్టు, తడిసి, బరువుగా, ఊరికే ఉంది.
ఊరికే ఉండటం ఎంత పెద్ద పనో
దాని కింద పడుకుంటేనే తెలుస్తుంది.
పాత బేరింగు విప్పాను, కొత్తది బిగించాను,
ఒక బోల్టు జారితే చీకట్లో తడిమాను.
ఒక్కసారి కూడా
"అసిరయ్యా, ఉన్నావా" అని పిలవలేదు.
ఇప్పుడు తలుచుకుంటే దానికే భయమేస్తుంది.

బయటికొచ్చి చూస్తే
అతని చెయ్యి స్విచ్చి పిడి మీదే ఉంది,
వేళ్లు బిగుసుకుపోయి.
టీ కుర్రాడు వచ్చి వెళ్లిపోయాడట.
ఫోను రెండుసార్లు మోగి ఊరుకుందట.
"ఒంటేలుకి కూడా ఎల్లలేదురా నాయనా"
అంటూ వానలోకి పరిగెత్తాడు.

ఇది ఆరు నెలల కిందటి మాట.

మొన్న, జీతాలకి నాలుగు రోజుల ముందు,
క్యాంటీన్ వెనక కుళాయి దగ్గర
అసిరయ్య అయిదు వేలు అడిగాడు.
కూతురి పాలిటెక్నిక్ ఫీజు. ఒకటో తారీకున ఇచ్చేస్తానన్నాడు.
"ఉంటే ఇవ్వనా" అన్నాను.
ఉన్నాయి.
చొక్కా లోపలి జేబులో, చెమట తగలకుండా
ప్లాస్టిక్ కవర్లో, పదకొండు అయిదువందల నోట్లు.
అతను మాట్లాడుతున్నంతసేపూ
నా చేతుల మీది సబ్బు నురుగునే చూశాను.
చీటీ పాడుకుని మూడు నెలలు కట్టలేదటగా అని
ఎవరో అన్న మాట తలలో తిరిగింది.
ఎవరన్నారో గుర్తులేదు.
మెడ అప్పగించిన రాత్రి
ఎవర్నీ వాకబు చేయలేదు.
ప్రాణం ఒక్కటే కాబట్టి లెక్కపెట్టక్కర్లేదేమో.
నోట్లయితే పదకొండు.

"పర్లేదులే" అన్నాడు.
ఆ మాటకి స్విచ్చి లేదు. ఇంకా తిరుగుతోంది.

ఆ సాయంత్రమే ఫిషింగ్ హార్బరు బయట
పోలమ్మ దగ్గర వంజరం బేరమాడాను.
మొప్పలు ఎత్తి చూశాను, కన్ను నొక్కి చూశాను,
తూకంరాయిని చేత్తో ఎత్తి మరీ చూశాను.
ముక్కలు కోసి కవర్లో వేసింది.
అయిదువందల నోటు తీస్తే చిల్లర లేదంది.
"రేపూ ఇటేగా ఎల్తావు, అప్పుడిద్దువులే."
పేరయినా అడగలేదు.
కవరు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.
అప్పటికే ఇంకెవరో
ఇంకో చేప మొప్పలు ఎత్తుతున్నారు.

ఇప్పుడు మా షెడ్డులో కెమెరాలు పెట్టారు.
వేలిముద్ర పెడితేగాని గేటు తెరుచుకోదు.
దుమ్ముకి అరిగిన నా బొటనవేలిని
మూడుసార్లు పెట్టినా
నేను కాదంటుంది యంత్రం.
వెనక లైన్లోంచి అసిరయ్య
"ఆడే, ఆడే, నాకు తెల్సు" అని
దానికి సాక్ష్యం చెబుతాడు.
అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

నిన్న స్టోర్సులో కొత్త తాళం ఇచ్చారు,
రెండు తాళంచెవులతో.
రెండోది ఎవరి దగ్గరుంటుందో ఫారంలో రాయమన్నారు.
ఆలోచించకుండా అతని పేరే రాశాను.

కూతురి ఫీజు ఎలా కట్టాడో
ఇంతవరకూ అడగలేదు.