ఐదో సిలిండర్

సలైనా నుంచి లిండ్స్‌బోర్గ్ వెళ్లే దారిలో
గోధుమ చేల నడుమ ఆగింది నా ట్రక్కు.
ముందు నీలి పొగ.
తర్వాత రేకు డబ్బాలో గులకరాయి వేసి ఊపినట్టు ఓ చప్పుడు.
ఆ తర్వాత కాన్సస్ గాలి ఒక్కటే.

ఎద్దును కొనేవాడు పళ్లు చూస్తాడు.
వెర్లిన్ కోహ్న్ ప్లగ్గులు విప్పి
ఒక్కోదాన్నీ ట్యూబ్‌లైటుకి ఎదురుగా పట్టి చూశాడు.
గేజ్ బిగించి అతను అంకెలు చెబుతుంటే
ఆవుల జ్వరాలు రాసుకునే పుస్తకంలోనే రాసుకున్నాను.
నూట నలభై ఎనిమిది. నూట యాభై.
నూట నలభై ఆరు. మళ్లీ నూట యాభై.
ఐదోది ముప్ఫై.
ఆరోది ఎంతో నేను రాయలేదు.

"పాతదాన్నే విప్పి బాగుచేస్తే ఐదు వారాలు, మూడు వేలు.
ఫ్యాక్టరీలో సరిచేసి పెట్టెలో పంపేదైతే
మూడేళ్ల గ్యారంటీ, నాలుగు వేల పైమాట.
హచిన్సన్ తుక్కు యార్డులో ఇదే మోడల్ ఒకటుంది,
వెనక నుంచి గుద్దించుకున్న బండి,
తొమ్మిది వందలకి ఇస్తాడు, పూచీ తొంభై రోజులు."
పక్కనుంచి అతని మేనల్లుడు ట్రెంటన్
వి-ఎయిట్ పెట్టేద్దామన్నాడు, కళ్లు మెరుస్తుండగా.
వాడి వైపు ఎవరూ చూడలేదు.

"బండి వయసు ఇంత, ఖర్చు ఇంత.
నిర్ణయం నీదే, డాక్టర్."

ఆ మాట నాది.
పోయిన మార్చిలో లుండ్‌క్విస్ట్ పెద్దాయన కొట్టంలో
పదకొండేళ్ల ఆవు కడుపు మీద చెయ్యి పెట్టి
సరిగ్గా ఇలాగే, ఇదే వరసలో చెప్పాను.
ఆయన చాలాసేపు దాని చెవి వెనక గోకుతూ ఉండిపోయాడు.
నేను వాచీ చూసుకున్నాను.

వెర్లిన్ వాచీ చూసుకోలేదు.
అప్పటికే ఊడ్చి ఉన్న నేలని మళ్లీ ఊడవడం మొదలుపెట్టాడు.

చచ్చిన బర్రెకు పాలెక్కువ అంటారు మా వైపు.
రెండు లక్షల ఎనభై వేల మైళ్లలో ఇది
నన్ను నాలుగుసార్లు మంచులో వదిలేసింది,
హీటర్ ఎప్పుడూ ఎడమ కాలికే తగిలేది.
అదంతా గుర్తుచేసుకున్నాను, కావాలనే,
లెక్క సరిగ్గా వెయ్యాలని.

యార్డులో ఆ బండి సగమే బండి.
వెనక భాగం కాగితంలా నలిగి ఉంది,
సన్ వైజర్‌లో ఇంకా ఒక చీటీ:
మేకులు, బల్బు, పిల్లికి తిండి.
రాసినవాళ్లు ఏమయ్యారని అడగలేదు.
అడిగితే కొనలేను.

యార్డు కుర్రాడు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేశాడు.
నా మెడలో ఉన్నదే తీసి చెవులకి పెట్టుకుని
వేడెక్కుతున్న ఇనుము మీద ఆనించాను.
కుర్రాడు నవ్వాడు. నవ్వనీ.
ఆరు గదులున్న ఇంట్లో ఎవరో
ఒక్కో తలుపూ తీసి వేసి, తీసి వేసి
తిరుగుతున్నారు.
ఏ తలుపూ కిర్రుమనలేదు.
బేరం ఆడకుండా డబ్బులిచ్చాను.

బిగిస్తున్నప్పుడు వెర్లిన్ అన్నాడు,
"ఇంజిన్‌కి జ్ఞాపకం ఉండదు, అరుగుదలే ఉంటుంది."
రెంటికీ తేడా ఏమిటన్నాను.
పదిహేనో నంబర్ స్పానర్ వెతుక్కోవడానికి వెళ్లిపోయాడు.

ఫిబ్రవరి. ఈనే కాలం.
రాత్రి రెండింటికి ఇంటికొస్తున్నాను.
ధాన్యం గోదాం మలుపు తిరగ్గానే
చప్పుడు గుర్తుపట్టి గేటు దగ్గరికొచ్చి
నోరు మెదపకుండా నిలబడేవాడు గోగు.
ఇప్పుడు మొరుగుతున్నాడు, దొంగని చూసినట్టు.
నిన్నా అంతే. మొన్నా అంతే.

దిగాక నా బూట్ల మీది మాయ వాసన చూశాడు,
మొరుగుడు ఆపాడు.
బానెట్ కింద నుంచి వస్తున్న టిక్ టిక్ కాసేపు విన్నాడు.
తర్వాత ముందు చక్రం దాకా నడిచి,
పదేళ్లుగా తెలిసిన ఆ చక్రానికే,
కొత్తగా కాలెత్తాడు.