సగం చుట్టు

రేగొండ నుంచి ఏనుమాముల మార్కెట్ దాకా
భూలక్ష్మి నా పక్క సీట్ల కూసొని
తొవ్వను చూడలే, నా చేతులను చూసింది.
గూడెప్పాడు దాటినంక అడిగింది:
"ఓదెలూ, తొవ్వ సక్కగనే ఉన్నది గదా,
నీ చేతులెందుకు ఊకుంటలేవు?"

ఏం చెప్పాలె.
స్టీరింగు సగం చుట్టు తిప్పితె గాని
పికప్‌కు నా మాట వినబడదు.
ఆ సగం చుట్టు ఉత్తదే.
ఇనుముకు ఇనుముకు నడుమ
అరిగిపోయిన ఏడేండ్లు.

ఆ రాత్రి బస్తాలు దింపి
(కాంటా రేపన్నరు, ధర సంగతి అడగొద్దు)
ఆటోనగర్ల యాకూబ్ పాషా షెడ్డుకు తోలిన.
ఆయన కిందికి దూరకముందే
ముందు టైరు లోపలి అంచును బొటనేలుతోటి రాసి
"దీని నెత్తి చూసినవా, నా కంటె బట్టతల" అన్నడు.
జాకీ ఎత్తి, చక్రాన్ని రెండు చేతుల పట్టి
పిల్లగాని పాలపన్ను ఊపినట్టు ఊపిండు.
టక్. టక్.
టై రాడ్ ఎండ్లు రెండు. కింది బాల్ జాయింట్.
బుష్షులు రబ్బరు కాదు, పాత చింతపండు.

నట్టు విప్పినా ఊడి రాలే.
ఆయనొక సుత్తె, పిల్లగాడు సాంబరాజొక సుత్తె,
చెరో దిక్కు నిలబడ్డరు.
"పిన్ను మీద కొట్టకు బిడ్డా,
పిన్నును పట్టుకున్న చెయ్యిని అదిలియ్యాలె."
రెండు దెబ్బలు ఒక్కటే సప్పుడైనయి.
తుప్పు పొడి రాలి
నా చెప్పు పక్కన పడ్డది.

పాత ముక్కను మర తిప్పి తీస్తుంటె
యాకూబ్ పెదవులు కదిలినయి.
దువా అనుకున్న. కాదు, లెక్క.
తేరా, చౌదా, పంద్రా, సాడే పంద్రా.
కొత్తదాన్ని కూడ సాడే పంద్రా చుట్లకే ఆపిండు.
"లేకుంటె నువ్వు హన్మకొండ అంటవ్,
బండి కాజీపేట అంటది."

అంతకుముందు రెండు డబ్బాలు నా ముందర పెట్టిండు.
ఒకటి చవుక, మూతి మూసింది, అరిగితె పారేసుడే.
ఇంకోటి బరువు, నెత్తి మీద గ్రీజు నిప్పలు.
"ఇది బతుకుతది. కాని నెలకోసారి తినబెట్టాలె."
లోపలి జేబుల ఉన్నవి కిస్తీ పైసలు.
బరువుదే పట్టుకున్న.
ఫైనాన్సు దేవేందర్‌కు ఏం చెప్పాలెనో
ఆ చేతిల ఇనుమును తూకమేసుకుంటనే ఆలోచించిన.

పొద్దుగాల ఆరింటికి
కొత్తవాడల జంపకానాలు నేసినంక మిగిలిన నూలు తీసి
వెనుక చక్రం నుంచి ముందు చక్రం దాకా లాగి కట్టిండు.
బండిని దారంతోటి కొలుస్తరని నేనెరుగ.
"మా అబ్బా మగ్గం మనిషి" అన్నడు, అంతే,
ఒక కన్ను మూసి, నేల మీద చెంప ఆనిచ్చి.
ముందు చక్రాలు రెండు
రవ్వంత లోపలికి చూసినయి,
సూదిల దారం ఎక్కిచ్చే మనిషి కండ్ల తీరుగ.

పర్కాల తొవ్వ. బండి ఖాళీ.
వేలు తాకితె చాలు, వినబడ్డది.
ఒక బర్రె అడ్డమొచ్చింది.
నేను ఎప్పటి లెక్కనే
ఎడమకు సగం చుట్టు తిప్పిన.

బండి విన్నది.
మొత్తం విన్నది.
రోడ్డు దిగి, తాళ్ల దిక్కు,
నేను చెప్పిన తప్పు దిక్కే సక్కగ పోయింది.
బ్రేకు. దుమ్ము.
బర్రె వెనుకొచ్చినాయన
నన్ను చూసిండు, తాటిచెట్టును చూసిండు,
నడుమ ఉన్న జానెడు జాగను చూసిండు,
ఏమనకుండ బీడి ముట్టిచ్చిండు.

పాత ముక్కలు సంచిల కట్టి
సీటు కింద పెట్టిన, అవి అక్కడ గలగలమంటున్నయి.
అరిగింది అవి ఒక్కటే అనుకున్న ఇన్నొద్దులు.
చేతులకు ఏ నంబరు బుష్షు దొరుకుతది?

మల్ల వారం
చపాట మిర్చి ఎనిమిది బస్తాలతోటి
భూలక్ష్మి ఎక్కింది. గూడెప్పాడు దాటింది.
స్టీరింగును రెండు వేళ్లతోటి పట్టుకొని
మిగిలిన వేళ్లను గట్టిగ మూసిన.
"ఇప్పుడేమైంది, పిడికిలి పట్టినవు?"

"ఊకుండుడు నేర్పుతున్న" అన్న.