లూప్ లైన్

చాగల్లులో నలభై నిమిషాలుగా నిలబడ్డాం:
నలభై రెండు వేగన్ల బియ్యం,
నేను, చుట్టిపెట్టిన పచ్చజెండా, ఒక ఉడుత.

మెయిన్ లైన్ మీద ఇంకా ఏమీ లేదు.
ఖాళీ పట్టాలకే ఇంత మర్యాద.

గేటు కాడ పోలయ్య అడుగుతాడు:
"బస్తాలకి తొందరుండదా గార్డుగారూ?"
ఉండదు. ముక్కపురుగుకుంటుంది.

వచ్చింది. తెల్లగా. పదకొండు సెకన్లు.
వంగిన చెరకు ఆకులు లేచేసరికి
దాని వెనక దుమ్ము కూడా లేదు.

తిట్టబోయాను.
మొన్న శ్రావణంలో, దాంట్లోనే,
విశాఖ ఆసుపత్రికి తమ్ముణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని,
కొవ్వూరు వంతెన ముందు బండి నెమ్మదిస్తే
అద్దానికి నుదురానించి పళ్ళు కొరికింది నేనే:
"ఎవడిదిరా ఆ గూడ్సు, అడ్డంగా?"

సిగ్నల్ ఇంకా ఎర్రగానే ఉంది.
వేగన్ తలుపు సందులోంచి
ఉడుత తన వాటా దించుకుంటోంది.