నలభై ఏడు

రాణిగంజ్ తుక్కు బజారు నుంచి
ట్రాలీ ఆటోలో వెల్లకిలా పడుకుని వచ్చింది మిషన్.
అద్దం మీద గోవా పడవ పేరు సగం గీకేసి ఉంది.
"పైసల డబ్బా లేదు లోపల, బతికిపోయినం"
అన్నాడు బషారత్ భాయ్, చెవి మీద టెస్టర్ సర్దుకుంటూ.

కోఠీలో, గుజరాతీ గల్లీ మలుపులో, మెట్ల కింద మా దుకాణం.
మిక్సీలు, యాంప్లిఫయర్లు, ఆయాసపడే ఇన్వర్టర్లు.
మూడు రోజులు పట్టింది తెర వెలగడానికి.
నాలుగో మధ్యాహ్నం
ఐదు పేక ముక్కలు వాటంతటవే పరుచుకున్నాయి,
చలిజ్వరం వచ్చినట్టు కొంచెం వణుకుతూ.

పందెం లేదు. ఓడినవాళ్ళు చాయ్ చెప్పాలి.
మొదటి వారమంతా నేనే చెప్పాను.

రెండు నాలుగులు వచ్చాయి, పక్కన ఇస్పేటు ఆసు.
జోడీనీ పట్టుకున్నాను, ఆసునీ పట్టుకున్నాను.
"ఆసెందుకు బేటీ?"
పెద్దది కదా అన్నాను.
"పెద్దదే. నాలుగులకు అదేమైతది, చుట్టమా?
ఊకె కుర్చీ ఆపి పెట్టింది. లేపు దాన్ని.
ఇంకో నాలుగొస్తే ఏడ కూసుంటది?"

పన్ను ఊడిన నోరులా ఐదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది వస్తే
ఏడు కోసం చెయ్యి చాపొద్దన్నాడు.
చిన్న జోడీ కన్నా నాలుగు ఆఠీన్లు మేలు,
జాకీల జోడీ పడితే మాత్రం ఆఠీన్లను మరిచిపొమ్మన్నాడు.
ఏమీ లేనప్పుడు ఏమీ పట్టుకోవద్దన్నాడు.
అదొక్కటే నాకు చేతకాలేదు.
ఐదింటినీ ఒక్కసారి వదలాలంటే వేలు కదలదు.
మా ఇంట్లో ఖాళీ నూనె ప్యాకెట్టు కూడా కడిగి ఆరేస్తాం.

ఒకరోజు అద్దం తుడుస్తూ చూపించాడు.
ఐదు హోల్డ్ బటన్లలో మొదటిదాని మీద
అక్షరాలు అరిగి నున్నగయ్యాయి.
ఐదోది నిన్న బిగించినట్టుంది.
"ముక్క ఏదన్న గానీ,
ముందుగాల వచ్చిందాన్ని ఇడవరు జనం."

ఆగస్టులో, మూసీ వాసన గల్లీ దాకా వచ్చిన వానరోజు,
ఐదూ ఆఠీన్లే పడ్డాయి నాకు.
ఆసు, రాజు, రాణి, జాకీ, చివర్న మూడు.
గెలిచిన చెయ్యి. ఊరికే కూర్చుంటే చాలు,
చాయ్ వాళ్ళే చెప్తారు.
పక్క దుకాణం వినాయకరావు తల దూర్చి చూశాడు.
బషారత్ భాయ్ నోరు మెదపలేదు.

నాలుగు బటన్లు నొక్కాను.
ఐదోదాని జోలికి పోలేదు.

యాభై రెండులో ఐదు పోతే నలభై ఏడు.
నలభై ఏడులో ఒక్కటంటే ఒక్కటి, ఆఠీను పది.
"ఒక్కదాని కోసం చేతిలోది పారేస్తివా!"
నెత్తి కొట్టుకున్నాడు వినాయకరావు.

పడింది కళావరు ఏడు.

జనరేటర్ ఆగిపోయాక గల్లీ ఎట్లుంటుందో
అట్లుంది కాసేపు.
"సరిగ్గ ఆడినవ్" అన్నాడు బషారత్ భాయ్.
ఓడిపోయాను కదా.
"అది వేరే ముచ్చట."

చాయ్ వచ్చేలోపు చెప్పాడు,
నాకు కాదు, మిషన్ వెనక పలకకి.
కుషాయిగూడలో పర్మినెంటు కొలువు,
క్యాంటీన్లో అర్ధరూపాయి భోజనం.
ఎనభై తొమ్మిదిలో రాజీనామా రాసిచ్చి
సొంత పేరుతో టేప్ రికార్డర్లు చేద్దామని
ఈ మెట్ల కిందికొచ్చాడట.
ఎన్ని చేశారు?
"పదకొండు."
ఇంకొకటి అడగబోయాను.
స్క్రూ జారి కిందపడింది.
ఇద్దరం వంగి చాలాసేపు వెతికాం.

దసరా ముందు శామీర్‌పేట రిసార్టు వాళ్ళు కొన్నారు మిషన్‌ని, అలంకారానికి.
తెర వెలగనక్కర్లేదు, వైర్లు కత్తిరించెయ్యమన్నారు.
మూడు రోజుల పని,
ఒక్క కటింగ్ ప్లేయర్ నొక్కుతో.

ఆటో ఎక్కించే ముందు
ఐదో బటన్ ఊడదీసి నా టిఫిన్ డబ్బాలో వేసుకున్నాను.
ఆయన చూశాడు.
"అదేమైతది నీకు, చుట్టమా?"

చాయ్ చెప్పడానికి బయటికి నడిచాను.
ఆ రోజు ఎవరూ ఓడిపోలేదు.