తరుగు

శనివారం సాయంత్రం షెడ్డు ఊడిస్తే
నాలుగు కిలోల ఇనుప రజను.
లేతు కింద ఉంగరాలు తిరిగిన తరుగు,
డ్రిల్లు నోట్లోంచి రాలిన పొట్టు,
అరిగిన బేరింగూ, విరిగిన కమాను పట్టా.
పాతసామాన్ల బండికి వేసి టీలు తాగేవాళ్ళం.

ఒకరోజు మూడో రోడ్డు నాగుల్ మీరా
ఖాళీ గ్రీజు డబ్బా తెచ్చి గుమ్మంలో పెట్టి
ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయాడు.
డబ్బా మీద సుద్దముక్కతో: "పిల్లలది".

ఎవరి పిల్లలని ఎవరూ అడగలేదు.
ఆటోనగర్‌లో పన్నెండో నంబరు పానా తెమ్మంటే
పద్నాలుగు తెచ్చి మొట్టికాయ తినని తల ఉందా?
నా చదువంతా పానాల సెట్టు
ఆరు నుంచి ముప్పైరెండు దాకా.

ఇప్పుడు బెజవాడ ఎండలో నలభై మూడు డబ్బాలు.
ఆదివారం తూకం. చిట్టా నేను రాస్తాను
జాబుకార్డుల వెనకవైపు:
బాడీ కట్టే షెడ్డు, పదకొండు కిలోలు.
రేడియేటర్ల సాంబయ్య, మూడున్నర;
అందులో కొత్త బోల్టొకటి, తిరిగిచ్చాం.
ఖర్చు: ఇద్దరికి పదో తరగతి పరీక్ష ఫీజు.
ఒకడికి కళ్ళజోడు.
బోర్డు అందరికీ అలాగే అలుక్కుపోయి కనిపిస్తుందనుకున్నాడట వాడు
ఏడేళ్ళు.

రైల్వే గోడ పక్క ఖాళీ జాగాలో
డ్రైవరు పని మానేసిన ఏసుపాదం
ఆడపిల్లలకి బరువులెత్తడం నేర్పుతానన్నాడు.
కొత్త సెట్టు ధర విని నాగుల్ మీరా చెవి గోక్కున్నాడు.
గౌహతి దాకా తిరిగొచ్చిన లారీ ఇరుసు కోసి
కడ్డీ చేశాం. ఫ్లైవీళ్ళు బిళ్ళలయ్యాయి.
మొదటిరోజే కరుణమ్మ కూతురు షారోను
కడ్డీ మోకాళ్ళ దాకా లేపి దించేసి
"ఎడమపక్క బరువెక్కువ బాబాయ్" అంది.
ఇరవై ఎనిమిదేళ్ళ చెయ్యి నాది, నవ్వాను.
కాటాలో పెడితే
నూట యాభై గ్రాములు.
ఆ రాత్రి బిళ్ళని మళ్ళీ లేతుకెక్కించాను. ఎవరికీ చెప్పలేదు.

వేసవిలో ఆ పిల్లే కళ్ళు తిరిగి పడింది.
డాక్టరు హైమవతిగారు కనురెప్ప కిందికి లాగి చూసి
రక్తంలో ఇనుము లేదన్నారు.
ముందు ఎవరో ఫక్కున నవ్వారు.
తర్వాత గ్రైండరు కూడా ఆగింది.
మా గోళ్ళలో ఇనుము, చీమిడిలో ఇనుము,
క్యారేజీ మూత తీసేలోపు అన్నం మీద ఇనుము.

మాత్రలు రాశాం, బెల్లం పల్లీ ఉండలు రాశాం,
రోజుకో గుడ్డు రాశాం.
అప్పుడు వచ్చింది కరుణమ్మ,
చేతిలో తాడు, తాడు చివర పాత స్పీకరు అయస్కాంతం.
పదిహేనేళ్ళుగా దాన్ని రోడ్ల మీద
కుక్కపిల్లలా ఈడ్చుకుంటూ తిరిగి
అంటుకున్న మేకులమ్మి పిల్లని పెంచింది.
"మీ డబ్బాలొచ్చాక మేకు కూడా తగలట్లేదు నాయనా."
గొంతులో కోపం లేదు, రేటు చెప్పినట్టు చెప్పింది.
"నా కూడు తీసి నా పిల్లకి గుడ్డు పెడుతున్నారు."

ఆ పద్దు
రాబడిలో రాయాలో ఖర్చులో రాయాలో తెలియలేదు.
రెండు ఆదివారాలు కమిటీ పోట్లాడుకుంది.
నెలకింత ఇద్దామంటే ఆవిడ ఒప్పుకోలేదు.
"పనివ్వండి."
ఇప్పుడు డబ్బాలన్నీ తిరిగి తెచ్చేదీ,
కాటా ముల్లు చూసేదీ ఆవిడే.
కూలి ముందు, నిధి తర్వాత.
పేరు కోసం డబ్బా అడుగున రాయి వేసేవాళ్ళు
మానేశారు.

అయినా శనివారం ఊడ్చినప్పుడు
గుప్పెడు రజను గడప అవతలే వదిలేస్తాను.
వెళ్తూ వెళ్తూ ఆవిడ అయస్కాంతం విసురుతుంది,
అలవాటు చావక.

జిల్లా పోటీల్లో షారోను
మూడోసారీ కడ్డీ జారవిడిచింది.
తిరిగొచ్చే బస్సులో అందరి గుడ్లూ తినేసింది.
చిట్టా చివరి పేజీలో, కిలోల కిందే, రాస్తున్నాను:
షారోను రక్తం, ఏప్రిల్లో ఏడు.
జూలైలో తొమ్మిది.
నిన్న పదిన్నర.
పన్నెండుకి
తరుగు ఒకటిన్నర.